మేం తిన్న దాణా

అక్క ఆ గుర్రాన్ని సవతి అనేది. చాటుగా కాదు, బావ వినేలాగే అనేది. "మీ పెద్దావిడకి నీళ్ళు పెట్టారా? ఆవిడకి పెట్టాకే ఇంటికి రండి. మిగిలిన నీళ్ళు నాకు చాలు" అనేది. బావ నవ్వేవాడు కాదు. నిజంగానే దానికి నీళ్ళు పెట్టి వచ్చేవాడు.

మిగతా అందరికీ అది దొరసాని. ఇటుక రంగు ఆడగుర్రం, ఎడమ చెవి కొసన చిన్న చీలిక. పొద్దున బావ బండికి కడుతుంటే తల పక్కకి తిప్పుకుని నిలబడేది, ఈ పని నేను చేస్తున్నది మీ మొహాలు చూసి కాదు అన్నట్టు. అందుకే ఆ పేరు.

మాది ఐసు ఫ్యాక్టరీ. మాది అంటే మాది కాదు, యజమానిది. పని మాత్రం మాది. ఎత్తైన రేకు డబ్బాల్లో మంచినీళ్ళు నింపి ఉప్పునీళ్ళ తొట్టిలోకి దించితే, ఒక పగలూ ఒక రాత్రీ గడిచేసరికి లోపల ఐసు దిమ్మ తయారయ్యేది. డబ్బాని బోర్లిస్తే దిమ్మ జారి నేలమీద పడేది. ఆడవాళ్ళం రంపపు పొట్టు చల్లి, గోనెపట్టా చుట్టేవాళ్ళం. వాటిని దొరసాని చేపల రేవుకీ ఆస్పత్రికీ సోడా దుకాణాలకీ లాక్కెళ్ళేది. బావ పగ్గాలు పట్టుకుని కూర్చునేవాడు గానీ ఊరికే కూర్చునేవాడు. దారి దానికే తెలుసు.

ఇప్పుడక్కడ లారీలు ఆపుకునే జాగా ఉంది. ఆ పక్కగా వెళ్తే నాకు ఇప్పటికీ తడిసిన రంపపు పొట్టు వాసన వస్తుంది. అక్కడ పొట్టూ లేదు, ఐసూ లేదు. తెలుసు. అయినా వస్తుంది.

గుర్రం సంగతి చెప్పాలంటే ముందు సమ్మె సంగతి చెప్పాలి.

తొట్టి దగ్గర పనిచేసేవాళ్ళకి రబ్బరు బూట్లు, చేతి తొడుగులు ఇవ్వమని అడిగాం. ఐసుకంటే చల్లగా ఉండే ఆ ఉప్పునీళ్ళకి ఒకాయన రెండు వేళ్ళు పోయాయి మరి. ఆయన్ని మేం ఉప్పాయన అనేవాళ్ళం. ఉన్న ఎనిమిది వేళ్ళతో బీడీ చుట్టి మరీ చూపించేవాడు, "చూశారా, రెండూ అదనపు వేళ్ళే" అని. అడిగాం, ఇవ్వలేదు, పని ఆపేశాం. గేటు మూశారు. మేం పన్నెండిళ్ళవాళ్ళం ఒకే సందులో ఉండేవాళ్ళం, సందు చివర గుర్రం కొట్టం. నెల దాటింది. ముప్పై మూడో రోజుకి ఏ ఇంట్లోనూ వండడానికి గింజ లేదు.

ఆ రోజు పొద్దున బావ కొట్టంలో ఉన్న దాణా పెట్టె తెరిచాడు. గేటు మూయక ముందు దొరసాని కోసం వచ్చిన బార్లీ, రెండు బస్తాల దాకా ఉంది. దానికి రోజూ దాణా కొలిచి పోసే రేకు కొలతతోనే ఇంటికొక కొలత పోశాడు. ఎవరి గిన్నెలోకీ చూడలేదు, ఎవరి మొహంలోకీ చూడలేదు. అందరికీ పోశాక పెట్టెకి తాళం వేశాడు. దొరసానికి ఎండుగడ్డి వేశాడు.

పన్నెండు పొయ్యిల మీద గుర్రం దాణా ఉడికింది. ఆ వాసన సందంతా పట్టింది. ఏళ్ళ తరబడి అదే తిన్నదానికి ఆ వాసన తెలీదా? అరిచింది. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ అరిచింది, తలుపుని కాలితో తన్నింది. మేం పిల్లల నోట్లో జావ పోస్తూ ఆ చప్పుడు విన్నాం. పోయడం ఆపలేదు.

అలా తొమ్మిది రోజులు. నలభై ఒకటో రోజు గేటు తెరిచారు. బూట్లు వచ్చాయి, తొడుగులు వచ్చాయి. సంఘం తరఫున నేను గేటు దగ్గర నిలబడి గంటసేపు మాట్లాడాను. గొప్పగా మాట్లాడానని అందరూ అన్నారు. మర్నాడు మొదటి బండి మిట్ట ఎక్కుతుండగా దొరసాని ముందుకాళ్ళు మడతపడి మోకాళ్ళ మీద కూలింది. బలం లేక కూలింది. ఎందుకు బలం లేదో చుట్టూ నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలుసు. గొప్పగా మాట్లాడిన నేను కూడా నోరు విప్పలేదు. దాని కుడి మోకాలి గాయం మానాక అక్కడ అరచెయ్యంత మేర వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. ఆ తెల్లమచ్చ రోజూ మా కళ్ళముందు నుంచి బండి లాక్కుంటూ వెళ్ళేది.

ఆ తొమ్మిది రోజుల మాట ఎత్తకూడదని ఎవరూ తీర్మానం చెయ్యలేదు. అయినా ఎత్తలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య కూడా ఎత్తలేదు.

ఏడేళ్ళకి కంపెనీ లారీ కొంది. గుర్రాన్ని కబేళాకి పంపుతామన్నారు. ఆ ఏడు ఒప్పందంలో, గుర్రం బతికి ఉన్నంతకాలం కొట్టమూ మేతా కంపెనీయే ఇవ్వాలని రాయించాను. మేనేజరు నవ్వాడు. "మీకు పెన్షన్ అడగరు గానీ గుర్రానికి అడుగుతారేమమ్మా?"

"మాకూ అడుగుతాం. లేవకండి, కూర్చోండి" అన్నాను.

అలా దొరసాని మా సందులోనే ఉండిపోయింది. పని లేదు. ఎండలో నిలబడి తోక ఊపుకునేది. రెండేళ్ళు హాయిగా గడిచాయి.

ఆ రెండో ఏడాది, సమ్మె గెలిచిన రోజు జరుపుకున్న మర్నాడు పొద్దున, బావ నా తలుపు కొట్టాడు.

"మరదలా, అది నడవడం లేదు."

వెళ్ళి చూశాను. ముందుకాళ్ళు రెండూ ముందుకి చాపి, బరువంతా వెనక్కాళ్ళ మీద వేసి, గోడకి ఆనుకోబోయే మనిషిలా వెనక్కి వాలి ఉంది. ఊపిరి గబగబా తీస్తోంది. ముందు గిట్టల మీద చెయ్యి పెడితే వేడి, అప్పుడే పక్కన పెట్టిన ఇస్త్రీపెట్టె వేడి. బావ మెడ పట్టుకుని పిలిస్తే ఒక్క అడుగు వెయ్యబోయి ఒళ్ళంతా వణికి ఆగిపోయింది.

పశువుల డాక్టరుని పిలిచాం. ఆయన్ని రెండు ముక్కల డాక్టరు అనేవాళ్ళు, ఏ సంగతైనా రెండు ముక్కల్లో తేల్చేస్తాడని. వచ్చి, వంగి, గిట్ట పైన వేళ్ళు పెట్టి నాడి చూశాడు. లేచి అడిగాడు.

"ఏం పెడుతున్నారు దీనికి?"

"ఎండుగడ్డి. రోజుకి ఒక కొలత బార్లీ. అంతే" అన్నాడు బావ.

డాక్టరు మేత తొట్టిలో చెయ్యి పెట్టి అడుగునున్నది పిడికిట్లోకి తీశాడు. బార్లీ. తవుడు. ఎండిన రొట్టె ముక్కలు. ఉడకబెట్టిన బంగాళాదుంప. ఇంకేదో తీపి, వేళ్ళకి అంటుకుంటోంది.

"ఒక కొలతా ఇది?"

బావ ఆ పిడికిలి వంక చూసి, తర్వాత మా వంక చూశాడు. అప్పటికే సందంతా కొట్టం ముందు పోగైంది. చివరికి ఉప్పాయన గొంతు సవరించుకున్నాడు.

"నేను... డ్యూటీకి వెళ్ళేముందు ఒక్క గుప్పెడు. ఒక్క గుప్పెడే."

"నేను సాయంత్రం. ఒక్క గుప్పెడే" అంది మూలింటావిడ. "నిన్న మాత్రం రెండు. మంచి రోజు కదా అని."

ఇక మొదలైంది. ఒకరు రొట్టె, ఒకరు తవుడు. ఎవరి వేళ వారిది, ఎవరూ చూడని వేళ. అందరిదీ ఒకటే మాట, ఒక్క గుప్పెడే. నేనూ చెప్పాను. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు రోజూ నా చీర కొంగులో బార్లీ ఉండేది. నిన్న కొంగు నిండా తెచ్చాను. మా సంఘం పెట్టిన పదేళ్ళలో ఏ తీర్మానమూ ఏకగ్రీవంగా నెగ్గలేదు. ఇదొక్కటే నెగ్గింది, ఒకరికి తెలీకుండా ఒకరం ఓటేసి.

అందరూ అయ్యాక వెనకనుంచి అక్క అంది. "పొద్దున్నే ఒకసారి నేను."

బావ తలెత్తాడు. "నువ్వా?"

"ఏం, సవతి అయితే మాత్రం ఆకలి ఉండదా దానికి?"

"ఇంతమంది ఎందుకు పెట్టారండీ?" అన్నాడు డాక్టరు, నిజంగా అర్థం కాక. "పనీపాటా లేని గుర్రం ఇది. ఇంత గింజ తింటే ఏమవుతుందో ఎవరికీ తట్టలేదా?"

చెప్పాలంటే ఆ తొమ్మిది రోజుల దగ్గర్నుంచి చెప్పాలి.

డాక్టరు తన బొటనవేలు చూపించాడు. "గోరుకీ లోపలి చర్మానికీ పట్టు ఉంటుంది కదా. గిట్టకీ లోపలి ఎముకకీ అలాంటి పట్టే ఉంటుంది. గింజ ఎక్కువై కడుపు చెడితే, ఆ విషం కాళ్ళకి దిగి ఆ పట్టు వదిలేస్తుంది. పూర్తిగా వదిలేస్తే పైనున్న బరువుకి ఎముక కిందికి దిగుతుంది. గిట్ట అడుగు చీల్చుకుని బయటికి కూడా వస్తుంది. ఇప్పుడు ఇది నిలబడ్డది గోళ్ళు ఊడుతున్న వేళ్ళ మీద. అర్థమైందా?"

అర్థమైంది.

"రెండు దారులు. ఒకటి, ఇప్పుడే ఇంజెక్షన్ ఇస్తాను. నిద్రపోతుంది, లేవదు. రెండోది, మూడు పగళ్ళు మూడు రాత్రులు మోకాలి దాకా ఐసునీళ్ళలో నిలబెట్టాలి. ఒక్క గంట కూడా తియ్యకూడదు. అప్పుడు ఆ పట్టు నిలబడితే నిలబడొచ్చు. తర్వాత నెలల తరబడి మెత్తటి పొట్టు మీద ఉంచాలి. నీళ్ళలో నానబెట్టి పిండిన ఎండుగడ్డి తప్ప ఇంకేదీ నోట్లోకి పోకూడదు. గింజ ఒక్కటి కూడా. ఎప్పటికీ. నొప్పికి మందు ఇస్తాను, అయినా నొప్పి ఉంటుంది. సగానికి సగం బతుకుతుందని చెప్తాను, అంతకంటే చెప్పను."

"ఐసుకేం కరువు మాకు?" అన్నాను నేను. "వైద్యం చేద్దాం."

"సూది వెయ్యండి డాక్టరు గారూ" అన్నాడు బావ.

అందరూ ఆయన వైపు తిరిగారు. దాని పక్కనే నిలబడి ఉన్నాడు, తెల్లమచ్చ వైపు. చెయ్యి దాని భుజం మీదే ఉంది.

"బావా, ఏంటా మాట? సగం ఆశ ఉందంటున్నాడు కదా?"

"ఉంటే ఉంది. సూది వెయ్యమను."

"దీనికోసం ఒప్పందంలో రాయించాం. కబేళా నుంచి తప్పించాం. ఇంత చేసి ఇప్పుడు..."

"ఇది నీ మీటింగు కాదు మరదలా. నువ్వు గెలిచిన గుర్రమని బతికించాలా? అది నిలబడ్డ కాళ్ళు చూడు ముందు."

ఆ మాట తగిలింది. ఎందుకు తగిలిందంటే అందులో నిజం ఉంది. నేను దాని కాళ్ళు చూడలేదు. చూసింది ఒప్పందం కాగితాన్ని. అక్కడే నోరు మూసుకుని కాళ్ళు చూశాను. చాపిన ముందుకాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. అది కూడా నా వంక చూసింది, బార్లీ తెచ్చానేమో అని. నా కొంగు వైపే చూసింది.

"ఆయన చెప్పేదీ తప్పు కాదమ్మా" అన్నాడు డాక్టరు. "నొప్పి పడేది మనం కాదు. మొదటి దారే దయ అనుకుంటే అది దయే. కానీ పెద్దాయనా, ఒకటి చెప్తాను. ఇది మొదలై పది పన్నెండు గంటలే అయింది. రెండ్రోజులు పోయాక పిలిచి ఉంటే రెండో దారి మాట నేను ఎత్తేవాడినే కాదు. మీరు వద్దంటున్నది దాని నొప్పి చూసేనా?"

బావ దాని జూలులో చిక్కుపడ్డ పొట్టు ఒక్కొక్కటే తీశాడు. తర్వాత దానితో చెప్పినట్టే చెప్పాడు, మాతో కాదు.

"గింజ పెట్టకూడదంటున్నారు. అది అడుగుతుంది. అరుస్తుంది. సమ్మెలో దాని తిండి దాని కళ్ళముందే కొలిచి మీ అందరికీ పోశాను. పెట్టెకి తాళం వేశాను. తొమ్మిది రోజులు అరిచింది, విన్నాను. మళ్ళీ ఆ అరుపు వినడం నా వల్ల కాదు."

తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ మాట బయటికొచ్చింది. మూలింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉప్పాయన నేల చూశాడు. డాక్టరుకి అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది, సంచీలో ఏదో వెతుక్కుంటున్నట్టు వంగాడు.

అక్క ముందుకొచ్చింది. ఆమె మెల్లగా మాట్లాడితే మేం భయపడేవాళ్ళం. అప్పుడు మెల్లగా మాట్లాడింది.

"అంటే సూది దాని నొప్పికి కాదు. మీ చెవులకి వేయిస్తున్నారు."

అక్క దొరసాని మెడ మీద చెయ్యి వేసింది.

"అప్పుడు మన ఆకలికి అది పస్తులుంది. ఇప్పుడు మన సిగ్గుకి చావాలా? దాని కోసం చస్తే చావనివ్వండి, నేనే దగ్గరుండి సాగనంపుతాను. మన కోసం మళ్ళీ వద్దు."

బావ జూలులోంచి చెయ్యి తీసి దాని మోకాలి తెల్లమచ్చ మీద పెట్టాడు.

"డాక్టరు గారూ, ఆపాల్సిన రోజు ఎలా తెలుస్తుంది?"

"పడుకుని లేవనంటే. ఎండుగడ్డి కూడా ముట్టకపోతే. గిట్ట అడుగున ముందువైపు ఉబ్బితే. ఈ మూడింట్లో ఒక్కటి కనపడినా కబురు పెట్టండి. అప్పుడు నాతో చర్చలు పెట్టకూడదు."

"పెట్టను" అన్నాడు బావ. నా వైపు తిరిగాడు. "ఈవిడ కూడా పెట్టదు."

"పెట్టను" అన్నాను.

గంటలో ఉప్పాయన కారే డబ్బాలు రెండు మోసుకొచ్చాడు, దిమ్మలు పోసే రేకు డబ్బాలే. రేకు కత్తెరతో మోకాలి ఎత్తుకి కోశాం. అంచులు గుచ్చుకోకుండా గోనె చుట్టి కుట్టాను, ఆ కుట్టు నా చేతికి అలవాటే. దాని జన్మంతా ఆ డబ్బాల్లో పుట్టిన ఐసు లాగింది. ఇప్పుడు ఒక్కో కాలూ ఎత్తి వాటిలోనే పెట్టింది. మొదట ఐసు తగలగానే ఉలిక్కిపడి కాలు లాక్కుంది. బావ నుదురు దాని నుదుటికి ఆనించి నిలబడ్డాడు. మెల్లగా పెట్టింది. కాసేపటికి తల కిందికి వాల్చింది. ఆ చల్లదనం దానికి సుఖంగా ఉందని డాక్టరు అన్నాడు.

షిఫ్టులు వేశాం. ఎనిమిదేసి గంటలు, ముగ్గురేసి. విరిగిన ఐసు ఎలాగూ మురిక్కాల్వలో పోసేదే, తట్టలతో తెచ్చి కరిగినకొద్దీ పోశాం. రెండోరోజు మేనేజరు వచ్చి చూశాడు. "డబ్బాలు కోసింది ఎవరు?"

"సంఘం" అన్నాను.

దొరసాని వంక కాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఆయన గురించి నేను మంచిమాట రాసే సందర్భాలు తక్కువ. కాబట్టి ఇది రాస్తున్నాను. మర్నాడు పొద్దున తట్టలు మొయ్యకుండా వాడుకోమని తోపుడుబండి పంపాడు.

నాలుగో రోజు డబ్బాలు తీశాం. రంపపు పొట్టు మోకాలి లోతు పరిచాం. పాత రబ్బరు బూట్లు కోసి, పొరలుగా పేర్చి దాని గిట్టల కింద కట్టాం. అవి ఆ సమ్మెలో గెలిచిన బూట్లే, తొట్టి దగ్గర అరిగి చిరిగినవి. ఉప్పాయన కడుతూ, "నా బూట్లు నాకంటే దీనికే బాగున్నాయి" అన్నాడు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. మేం పెట్టకుండా ఉండటం.

కొట్టం తలుపు మీద సుద్దతో రాశాను, చేతులు చూపించి లోపలికి రావాలని. తలుపు దగ్గర ఎప్పుడూ ఒకరం కూర్చునేవాళ్ళం. వచ్చినవాళ్ళు రెండు అరచేతులూ విప్పి చూపించాలి. జేబులు తిరగెయ్యాలి. ఆడవాళ్ళు కొంగు దులపాలి.

"సమ్మెలో పట్టుకెళ్ళినప్పుడు జైల్లో కూడా నన్ను ఇంతలా వెతకలేదు" అన్నాడు ఉప్పాయన.

"జైల్లో నువ్వు గుర్రాన్ని చంపబోలేదు" అంది అక్క.

మూలింటావిడ దగ్గర ఆ మొదటిరోజే రొట్టె ముక్క దొరికింది. ఆవిడ ఏడ్చింది. "పాపం అడుగుతోందమ్మా, నా వైపే చూస్తోంది" అంది. నేను ఆ రొట్టె అక్కడే ఆవిడ చేతే తినిపించాను. నమిలింది గానీ చాలాసేపు మింగలేకపోయింది.

ఎందుకంటే అది అరిచేది. మా వేళలన్నీ దానికి కంఠతా వచ్చు. ఉప్పాయన డ్యూటీకి వెళ్ళే వేళకి అరిచేది, నేను షిఫ్టు దిగే వేళకి అరిచేది, అక్క లేచే వేళకి అరిచేది. ఎవరి వంతు ఎప్పుడో దాని కడుపుకి తెలుసు. సందంతా అన్నం ముందు కూర్చుని వినేది. ఆ సమ్మె రోజుల్లో విన్నట్టే. అప్పుడు మేం తింటూ విన్నాం. ఇప్పుడు ముద్ద దిగేది కాదు.

బావ పనులన్నీ చేసేవాడు. పొట్టు మార్చేవాడు, గడ్డి నానబెట్టి పిండేవాడు. కానీ ఆ గడ్డి అక్క చేతికిచ్చి, వేసే వేళకి తను సందు చివరికి వెళ్ళిపోయేవాడు. రోడ్డు మీద లారీల చప్పుడులో నిలబడేవాడు. అక్క గడ్డి వేసి వచ్చి, "మీ ఆవిడ తిట్టిపోస్తోంది, వెళ్ళి వినండి" అనేది. వెళ్ళేవాడు కాదు.

పన్నెండో రోజు సాయంత్రం తలుపు దగ్గర నా వంతు. గడ్డి వేసే వేళ. బావ వచ్చాడు. నేను అడగకుండానే అరచేతులు రెండూ నా ముందు పెట్టాడు. పగ్గాలు రాసి రాసి కాయలు కాచిన చేతులు. జేబులు తిరగేశాడు. లోపలికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది, నాకు కనపడుతూనే ఉంది.

దొరసాని మెడ చాపి చేతులు వాసన చూసింది. చొక్కా చూసింది, జేబులు చూసింది. ఏమీ లేదు. తలెత్తి ఆయన మొహం మీదే అరిచింది. కొట్టం రేకులు అదిరాయి. బావ వెనకడుగు వెయ్యలేదు.

"అరుచుకో" అన్నాడు. "అరుచుకో, విందామనే వచ్చాను. ఆ రోజు తాళం వేసింది నేనే. తాళం వేసి గోడవతల కూర్చున్నాను."

మళ్ళీ అరిచింది. ఆయన చేతులు చాపి అలాగే నిలబడ్డాడు, వట్టి చేతులు. ఎంతసేపో తెలీదు. అది అరిచి అరిచి విసిగి, ముక్కు తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. నాకింది, చెమట ఉప్పగా ఉంటుంది కదా. నాకడం అయిపోయాక కూడా ముక్కు తియ్యలేదు. బావ రెండో చేత్తో నానిన గడ్డి అందుకుని కింద వేశాడు. తల వంచి తినడం మొదలెట్టింది.

ఆ రోజు నుంచి గడ్డి ఆయనే వేశాడు. సందులో మిగతావాళ్ళు కూడా తమ తమ వేళలకి వెళ్ళి వట్టి చేతులు చాపి నిలబడటం అలవాటు చేసుకున్నారు. మూలింటావిడతో సహా. అది నాకేది, వాళ్ళు చేతులు తుడుచుకుని పనికి వెళ్ళేవాళ్ళు.

ఆరో వారం డాక్టరు గిట్టలు ఎత్తి, పట్టకారుతో అడుగంతా నొక్కి చూశాడు. మేం పన్నెండిళ్ళవాళ్ళం కొట్టం ముందు నిలబడ్డాం. ఒకచోట కాలు లాక్కుంది. బావ మొహం తెల్లబోయింది. డాక్టరు మళ్ళీ నొక్కాడు, బొటనవేలితో తడిమాడు. ఉబ్బు లేదు.

"బతుకుతుంది. బండి లాగదు" అన్నాడు.

"బండి ఎవడడిగాడు?" అన్నాడు బావ.

ఇంకో అయిదేళ్ళు బతికింది. కొంచెం కుంటుతూ, మా సందులో ఎండ ఎటుంటే అటు జరుగుతూ. ఒక్క గింజ పెట్టలేదు ఎవరమూ. ప్రతి ఏడూ సమ్మె గెలిచిన రోజున నేను మీటింగులో మాట్లాడేటప్పుడు అప్పట్నుంచీ బార్లీ మాట కూడా చెప్పేదాన్ని. ఏం తిని గెలిచామో చెప్పేదాన్ని. మొదటిసారి చెప్పినప్పుడు చప్పట్లు రాలేదు. రానక్కర్లేదు.

అయిదో ఏడు చలి మొదట్లో అది పడుకుని లేవలేదు. పళ్ళు అప్పటికే పోయాయి, కాళ్ళు కూడా పోయాయి. ఈసారి ఎవరూ వాదించలేదు. బావే వెళ్ళి డాక్టరుని తీసుకొచ్చాడు. డాక్టరు చూశాడు, సంచీ తెరిచాడు.

"ఇప్పుడు ఏం పెట్టినా పరవాలేదా?" అని అడిగాడు బావ.

"పరవాలేదు. నేను బయట కూర్చుంటాను."

అక్క అప్పటికే పొయ్యి మీద బార్లీ పెట్టింది. పళ్ళు లేనిదానికి గింజ వద్దని జావలా ఉడికించింది, సమ్మెలో మేం తాగినట్టే. వాసన సందంతా పట్టింది. అది పడుకునే చెవులు నిక్కించింది. సన్నగా అరిచింది కూడా. బావ ఆ పాత రేకు కొలత నిండా పోసి, తల ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నాడు. సందంతా వరసగా నిలబడింది. ఒక్కొక్కరూ ఒక్కో గరిటె పోశారు. ఉప్పాయన, మూలింటావిడ, నేను. పట్టపగలు, అందరూ చూస్తుండగా.

అంతా జుర్రేసింది. తర్వాత ఖాళీ కొలతని ముక్కుతో నెట్టి దొర్లించింది. ఇంకా కావాలట.

"దీని కడుపు మండ" అంది అక్క. ఏడుస్తూనే గిన్నె అడుగున ఉన్నదంతా గీకి వేళ్ళతో పెట్టింది. "తిను సవతీ, తిను. నాకు మిగల్చక్కర్లేదు."

బావ డాక్టరుని లోపలికి పిలిచాడు.